నాచారం నాలా నుంచి హంసలదీవి దాకా

సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నా, దేశంలో సముద్రాన్ని కనిపెట్టి చూసే ఊళ్ళలో హైదరాబాద్ ఒకటి. తుఫాను వేళ అలలు ఎంత ఎత్తు లేస్తాయో, చేపలు ఏ దిక్కున గుమిగూడతాయో జాలర్లకు చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది ప్రగతినగర్‌లో. ఊరికి తూర్పున, హబ్సిగూడ నుంచి ఉప్పల్ వెళ్ళే రోడ్డు మీద భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, కణ జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ ఉన్నాయి. వాటికి కూతవేటు దూరంలో తార్నాకలో రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. మట్టిలో లోహాన్నీ, కణంలో జన్యువునూ, నీటిలో రసాయనాన్నీ, తిండిలో పురుగుమందునూ పట్టుకోగలిగిన ప్రయోగశాలలు ఇంత దగ్గరదగ్గరగా ఉన్న చోటు దేశంలో అరుదు. ఈ రోడ్డుకు ఉత్తరాన నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామిక వాడలు, తూర్పున ఉప్పల్ వాడ. అక్కడి వాననీరూ మురుగూ నాచారం చెరువు మీదుగా, హబ్సిగూడ వీధుల పక్కనుంచి రామంతాపూర్ చెరువుకూ, ఉప్పల్ నల్లచెరువుకూ చేరి, చివరికి మూసీలో కలుస్తాయి. మూసీ నల్లగొండ జిల్లా దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పులిచింతల ప్రాజెక్టు, ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దగ్గర బంగాళాఖాతం చేరుతుంది. తీరజలాల్లో రసాయన కాలుష్యం గురించి మాట్లాడేటప్పుడు మనం విశాఖ రేవుతో మొదలుపెడతాం. అది నాచారం నాలాతో మొదలుకావాలి. అంతకన్నా ముఖ్యం, మన కార్ఖానాలు తయారుచేసే పదార్థాల పేర్లు పెట్టి వెతకాలి, నీటిలో మాత్రమే వెతికి ఊరుకోకుండా అడుగు బురదలోనూ జలచరాల ఒంట్లోనూ వెతకాలి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే.

మన దేశంలో తీరజలాల పరిశీలన కొత్తేమీ కాదు. కేంద్ర ప్రభుత్వం 1991లోనే కోమాప్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇప్పుడు చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం ఆ పని చూస్తోంది. విశాఖలో 1976 నుంచి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం పనిచేస్తోంది. ఇన్‌కాయిస్ విశాఖ, కొచ్చి తీరాల్లో నీటి నాణ్యతను ఎప్పటికప్పుడు పంపే తేలియాడే పరికరాలు పెట్టింది. నదుల మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, రాష్ట్ర మండళ్ళు నెలనెలా నీళ్ళు పట్టి చూస్తున్నాయి. కాబట్టి ఎవరూ ఏమీ చేయడం లేదని అనడం అన్యాయం. చిక్కంతా వాళ్ళను మనం ఏ అంకె అడుగుతున్నామన్న దగ్గరే. నది చెడిందా బాగుందా అని చెప్పడానికి పేపర్లో వచ్చేది, కోర్టులో చదివేది ప్రధానంగా ఒక్క అంకె, బీఓడీ. 2018లో కేంద్ర మండలి దేశంలో 351 నదీ భాగాలను కలుషితమైనవిగా జాబితా కట్టినప్పుడు ఈ అంకెనే కొలబద్దగా పెట్టుకుంది. లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటిన 45 నదీ భాగాలు మొదటి వరుసలో పడ్డాయి, వాటిలో హైదరాబాద్ నుంచి నల్లగొండ దాకా మూసీ ఒకటి.

ఈ బీఓడీ ఏమిటో దగ్గరగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. సీసాలో నీళ్ళు నింపి, గాలి చొరకుండా మూత బిగించి, 27 డిగ్రీల వేడిలో మూడు రోజులు చీకట్లో ఉంచుతారు. ఆ నీళ్ళలోని సూక్ష్మజీవులు కుళ్ళును తింటూ ఆక్సిజన్ వాడుకుంటాయి. మొదట ఎంత ఉంది, చివరికి ఎంత మిగిలింది, ఆ తేడానే బీఓడీ. బ్రిటన్‌లో మురుగు మీద వేసిన రాయల్ కమిషన్ 1912లో స్థిరపరచిన పద్ధతికి ఇది వారసురాలు. మనుషుల మురుగును పట్టడానికి పుట్టిన పరీక్ష, ఆ పని చక్కగా చేస్తుంది. కానీ ఆ సీసాలోకి సూక్ష్మజీవులను చంపే మందు కూడా వచ్చిందనుకోండి. తినవలసిన జీవులు చచ్చిపోతే ఆక్సిజన్ ఖర్చు కాదు, అంకె తక్కువ వస్తుంది, నీళ్ళు మెరుగుపడినట్టు కాగితం మీద కనిపిస్తుంది. యాంటీబయాటిక్‌లు, క్రోమియం, సైనైడ్ వంటివి ఉన్న నీటికి ఈ పరీక్ష సరిగ్గా అబద్ధం చెప్పే వీలుంది. ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళకు ఇది బాగా తెలుసు, బయటి నుంచి కొత్త సూక్ష్మజీవులను కలిపి సరిచేయడానికి చూస్తారు. ఆ అంకెను నమ్మి నిర్ణయాలు తీసుకునేవాళ్ళకు మాత్రం తెలియదు. మందుల తయారీకి పేరు పడ్డ నగరం, తన నీళ్ళను మందులకు గుడ్డిదైన పరీక్షతో కొలుచుకుంటోంది.

మందు పేరు పెట్టి వెతికితే ఏం దొరుకుతుందో ఒకసారి చూశాం. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధి అయ్యాక బయటికి వచ్చిన ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ఒక్క రోజులో అక్కడినుంచి పోతున్న ఆ ఒక్క మందు 45 కిలోల దాకా ఉంటుందని లెక్క కట్టారు. తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజులు వాడేంత. ఆ కేంద్రం నీళ్ళను తర్వాత పైపులైను వేసి నగరం మురుగు కాల్వలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. అంటే పడమటి పొలిమేర రసాయనం తూర్పున మూసీ ఒడ్డుకు వచ్చే దారి ఏర్పడింది. ఊరికి ఆ కొసన వాడ, ఈ కొసన వాడ అని మనం విడదీసి మాట్లాడుకోవచ్చు గానీ, నీళ్ళు మాత్రం అంబర్‌పేట, నాగోల్ దగ్గర కలిసిపోతాయి. ఈ అనుభవం తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చింది. వందకు పైగా యాంటీబయాటిక్‌లకు వ్యర్థజలాల్లో ఇంతకు మించి ఉండకూడదని అందులో రాశారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు లేవు. పరిమితి లేనిదాన్ని కొలవవలసిన పని మండలికి ఉండదు, కొలవనిది రిపోర్టులో ఉండదు, రిపోర్టులో లేనిది లేనట్టే చెలామణి అవుతుంది. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ కార్ఖానాల వ్యర్థజలాల మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. మనం 2020లో రాసుకుని కొట్టివేసినదాన్ని మళ్ళీ బల్ల మీదికి తేవడానికి అదే తగిన సందర్భం.

ఇక నీటిని మాత్రమే కొలిస్తే ఎందుకు చాలదో చూద్దాం. నీళ్ళు పట్టే మనిషి పగటిపూట వస్తాడు, క్యాను ముంచి తీసుకుపోతాడు. అతను పట్టింది ఆ నిమిషపు నీరు. అంతకు ముందు రాత్రి జోరువానలో ఏమి వదిలారో ఆ క్యానుకు తెలియదు. పైగా సముద్రపు నీటిలో పాదరసం, సీసం, పురుగుమందుల వంటివి చాలా పలచగా ఉంటాయి, లీటరులో గ్రాములో వందకోట్లో వంతూ అంతకన్నా తక్కువా. నమూనా పట్టే సీసా అంచున ఉన్న మకిలి కూడా అంకెను తారుమారు చేయగలదు. ఈ రెండు ఇబ్బందులకూ కలిపి సముద్రంలోనే ఒక సమాధానం ఉంది, ఆల్చిప్ప. రాయిని పట్టుకుని కదలకుండా కూర్చుని, గంటకు లీటర్ల కొద్దీ నీటిని మొప్పల గుండా వడగట్టి తిండి ఏరుకుంటుంది. తిండితోపాటు వచ్చిన లోహాలు, కొవ్వులో కరిగే రసాయనాలు దాని మెత్తటి మాంసంలో నెలల తరబడి పోగవుతాయి. చుట్టూ ఉన్న నీటిలో కంటే ఒంట్లో అవి వేల రెట్లు ఎక్కువగా ఉంటాయి గనుక పరికరానికి సులువుగా చిక్కుతాయి. కదలదు కాబట్టి దొరికిన విషం ఆ చోటుదే. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ 1975లో ఈ ఆలోచన ముందు పెట్టాడు, 1986 నుంచి అమెరికా తన తీరాల్లో ఆల్చిప్పలను ఏరి పరీక్షిస్తోంది. ఆసియాలో అదే పనికి మన తూర్పు తీరంలోనూ దొరికే ఆకుపచ్చ ఆల్చిప్పను వాడుతున్నారు.

పని ఎలా జరుగుతుందో చెబితే ఇందులో మాయ లేదని పాఠకులకు తెలుస్తుంది. ఒకే సైజు ఆల్చిప్పలను ఇరవై ముప్ఫై ఏరుతారు, ఎందుకంటే పెద్దది చిన్నదానికన్నా ఎక్కువ కాలం బతికి ఎక్కువ పోగుచేసుకుని ఉంటుంది. శుభ్రమైన సముద్రపు నీటిలో ఒక రోజు ఉంచి, పేగుల్లోని బురద బయటికి పోనిస్తారు. లేకపోతే కొలిచేది మాంసంలోని లోహమో, కడుపులోని ఇసుకో తేలదు. చిప్ప విప్పి మాంసం తీసి, గడ్డకట్టించి, శూన్యంలో ఎండబెట్టి పొడి చేస్తారు. ఆ పొడిని నైట్రిక్ ఆమ్లంలో వేసి మైక్రోవేవ్‌లో వేడిచేస్తే తేటగా కరిగిపోతుంది. దాన్ని వేల డిగ్రీల వేడి ఆర్గాన్ ప్లాస్మాలోకి చిమ్మితే ఒక్కొక్క మూలకం తన బరువును బట్టి విడిపోయి లెక్కకు వస్తుంది. ఐసీపీ-ఎంఎస్ అనే ఆ యంత్రం ఎన్‌జీఆర్‌ఐలో రాళ్ళ వయసు, ఖనిజాల పుట్టుక తేల్చడానికి ఏళ్ళుగా నడుస్తూనే ఉంది. ప్రతి విడతలోనూ ఎంత లోహం ఉందో ముందే తెలిసిన నమూనా ఒకటి కలిపి పంపుతారు, యంత్రం దాన్ని సరిగ్గా చెబితేనే మిగతా అంకెలు చెల్లుతాయి. మందులకు, పురుగుమందులకు ఇంకో యంత్రం కావాలి, అది ఐఐసీటీ వంటి చోట్ల రోజువారీ పనిముట్టు.

నేల మీద వాడింది సముద్రపు ప్రాణిలో తేలడం ఊహ కాదు. 1990 దశకంలో జపాన్ శాస్త్రవేత్త షిన్సుకే తనాబే బృందం దక్షిణ భారత తీరంలో బంగాళాఖాతపు డాల్ఫిన్ల కొవ్వును పరీక్షించింది, డీడీటీ అందులో ప్రధానంగా కనిపించింది. డీడీటీని ఎవరూ సముద్రంలో చల్లలేదు. పొలాల్లో పురుగుకూ, ఇళ్ళ గోడల మీద మలేరియా దోమకూ కొట్టిన మందు వానకు కొట్టుకుపోయి, గాలికి ఎగిరి, చిన్న చేపల్లోంచి పెద్ద చేపల్లోకి పాకి, పాలిచ్చే సముద్రజీవి కొవ్వులో నిలిచింది. ప్రాణి ఒంట్లో వెతకడం వల్ల కారణం దొరికిన మరో కథ మన పెరట్లోనే ఉంది. 1990 దశకంలో దేశంలో రాబందులు కుప్పకూలిపోతుంటే వైరస్ అనీ, పురుగుమందు అనీ రకరకాలుగా అనుకున్నారు. చచ్చిన పక్షుల మూత్రపిండాల్లో మందు కోసం వెతికాకే, పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ నొప్పి మందు చంపుతోందని 2004లో తేలింది, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. అప్పటికే కొన్ని జాతుల్లో నూటికి తొంభై ఐదుకు పైగా పోయాయి. ఆలస్యంగా వెతికితే కట్టవలసిన ధర అది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం బలమైనదే, దాన్ని దాటేయకూడదు. ఉప్పల్‌లో కలిసిన చుక్క హంసలదీవి దాకా పోతుందా? మధ్యలో సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు ఉంది, పులిచింతల ఉంది, ప్రకాశం బ్యారేజీ ఉంది. ఏడాదిలో చాలా నెలలు ఆ బ్యారేజీ దిగువకు నీళ్ళే ఉండవు. పైగా సముద్రం అంతులేనిది, పలచబడి పోదా అంటారు. నిజమే, చాలా లోహాలు బురద రేణువులకు అంటుకుని జలాశయాల అడుగున కూర్చుంటాయి. కానీ కూర్చున్నది పోయినట్టు కాదు. వరద వచ్చి గేట్లు ఎత్తిన రోజున ఆ బురద లేస్తుంది. సముద్రానికి చేరే కాలుష్యం నెలనెలా సమంగా పోదు, ఆ నాలుగు వరద రోజుల్లోనే ఎక్కువ పోతుంది. సరిగ్గా ఆ రోజుల్లో పడవ వేసుకుని నమూనా పట్టేవాళ్ళు ఉండరు. పలచబడుతుందనే మాట కూడా నీటికే చెల్లుతుంది. జపాన్‌లో మినమాట ఖాతంలో కార్ఖానా వదిలిన పాదరసం నీటిలో పలచబడే ఉంది, చేపల్లో చిక్కబడింది. అక్కడ 1956లో జబ్బు అధికారికంగా నమోదు కావడానికి ముందే చేపలు తిన్న పిల్లులు మూర్ఛలు వచ్చి చచ్చాయి. 1959లో కుమమోటో విశ్వవిద్యాలయం సేంద్రియ పాదరసమే కారణమని చెప్పినా, కార్ఖానా నీళ్ళు 1968 దాకా ఆగలేదు. ఇక దారిలో జలాశయాలు నిజంగానే విషాన్ని ఆపుతున్నాయంటే, అది సముద్రానికి మేలు, నల్లగొండకు కీడు. హైదరాబాద్ దిగువన మూసీ ఒడ్డున వరి ఆ నీటితోనే పండుతుంది. అంబర్‌పేట, రామంతాపూర్, ఉప్పల్ అంచున ఆ నీళ్ళతో పెరిగే పారా గడ్డిని కోసి మోపులు కట్టి ఊళ్ళోని పాడి గేదెలకు అమ్ముతారు. దారిలో ఆగిన విషం ఎవరి దగ్గర ఆగిందన్న ప్రశ్నకు జవాబు కావాలన్నా కొలవక తప్పదు.

రెండో అభ్యంతరం పరిశ్రమల నుంచి వస్తుంది. ఇప్పుడు పాత రోజులు కావు, బొట్టు కూడా బయటికి వదలని పద్ధతులు పెట్టాం, 2014 నుంచి కాలుష్య కారక పరిశ్రమల గొట్టాల దగ్గర ఆన్‌లైన్ మీటర్లు బిగించాం, మండలి స్క్రీన్ మీద చూసుకోవచ్చు అంటారు. ఇందులో నిజం ఉంది, ఖర్చుపెట్టి బాగుచేసుకున్న కంపెనీలను పాతవాటితో కలిపి తిట్టడం సబబు కాదు. ఆ మీటర్లు చూపేది మాత్రం ఆమ్లగుణం, రసాయన ఆక్సిజన్ అవసరం (సీఓడీ), బీఓడీ, తేలే మట్టి వంటివే. ఏ మందు, ఏ ద్రావకం అన్నది అవి చెప్పవు. అవి ఉండేది కంపెనీ గొట్టం దగ్గర, రాత్రి ట్యాంకరు ఖాళీ అయ్యే నాలా గట్టున కాదు. బయటికి ఏమీ పోవడం లేదన్న కంపెనీకి నాలా బురదను, చెరువు నత్తను పరీక్షించడం వల్ల పోయేదేమీ లేదు. నిజాయితీగా నడిచే యజమానికి అంతకన్నా మంచి సర్టిఫికెట్ దొరకదు. ఇంకొక సంగతి. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి కాలుష్య పరిశ్రమలను బయటికి తరలించాలన్నది ప్రభుత్వాలు ఏళ్ళుగా చెబుతున్న మాట. నాచారం, ఉప్పల్, మల్లాపూర్ స్థలాల్లో రేపు అపార్టుమెంట్లు లేస్తాయి. కార్ఖానా పోతుంది, దాని కింది మట్టి, పక్క చెరువు బురద అక్కడే ఉంటాయి.

మూడోది ఖర్చు. ఒక్కో నమూనాకు వేల రూపాయలు, వందల రసాయనాలు, ఎక్కడని వెతకాలి అంటారు. ఇక్కడ హైదరాబాద్‌కు సొంత అనుభవం ఉంది. కోవిడ్ మొదటి ఏడాది, 2020లో, సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగర మురుగు శుద్ధి కేంద్రాల నీళ్ళలో వైరస్ ఆనవాళ్ళు లెక్కకట్టారు. ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్షలు చూపిన దానికన్నా ఎన్నో రెట్లు మందికి వైరస్ సోకిందని ఆ ఆగస్టులో చెప్పగలిగారు. ఇల్లిల్లూ తిరగకుండా, కొన్ని చోట్ల పట్టిన మురుగుతో నగరం మొత్తం ఆరోగ్యం తెలిసింది. రసాయనాలకు కూడా ఆ కిటుకే పనికివస్తుంది. అంబర్‌పేట, నాగోల్, ఉప్పల్ నల్లచెరువు దగ్గర రోజుకు కోట్ల లీటర్ల మురుగును శుద్ధిచేసే కేంద్రాలున్నాయి. తూర్పు హైదరాబాద్ పారబోసేదాంట్లో చాలా భాగం ఈ గుమ్మాల ముందుకు వస్తుంది. వెతకవలసిన జాబితా కూడా ఎవరో కొత్తగా రాయనక్కర్లేదు. ఏ కంపెనీ ఏ మందు, ఏ రసాయనం ఎన్ని కిలోలు తయారుచేస్తుందో అనుమతి పత్రాల్లోనే ఉంటుంది. ఆ జాబితాలో నీటిలో నిలిచేవి, ఒంట్లో పోగయ్యేవి, తక్కువ మోతాదులోనే హాని చేసేవి ఏరితే కొన్ని పదులకు మించవు. ఆల్చిప్పలు, నత్తలు నెలల చరిత్రను ఒక్క నమూనాలో ఇస్తాయి, పన్నెండు సార్లు నీళ్ళు పట్టడం కన్నా అది చవక. చెరువు అడుగు బురదలో నిలువుగా గొట్టం దించి తీస్తే, పొరలు పొరలుగా ఏళ్ళ లెక్క వస్తుంది. ఒక్క ఫ్లైఓవర్ స్తంభానికి అయ్యే ఖర్చుతో ఇలాంటి పరిశీలన ఏళ్ళ తరబడి నడపవచ్చని నా నమ్మకం.

నాలుగో అభ్యంతరం నాకు అన్నిటికన్నా బరువుగా తోస్తుంది, ఎందుకంటే అది బతుకుతెరువుది. చేపలో విషం అని వార్త వస్తే రేవులో చేపలు అమ్ముడుపోవు, కూలిపోయేది కంపెనీ కాదు, మచిలీపట్నంలోనో నాగాయలంకలోనో వల వేసుకునే కుటుంబం. 2018లో చేపల్లో ఫార్మాలిన్ కలుపుతున్నారన్న కలకలం వచ్చినప్పుడు జనం ఎలా వెనక్కి తగ్గారో గుర్తుంది. అయితే ఆ భయం పుట్టింది కొలవడం వల్ల కాదు, ఎవరి మాట నమ్మాలో తెలియకపోవడం వల్ల. దీనికి ఆంధ్ర రొయ్యల చెరువులే సాక్ష్యం. క్లోరంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషేధిత యాంటీబయాటిక్‌ల అవశేషాలు దొరికి యూరప్ మన సరుకును వెనక్కి పంపింది. 2016 నుంచి ప్రతి వంద కన్‌సైన్‌మెంట్లలో యాభై పరీక్షిస్తామని నిబంధన పెట్టింది. రైతులూ ఎగుమతిదారులూ చాలా ఇబ్బందిపడ్డారు. అవశేషాల బెడదకు జవాబుగా సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా ప్రయోగశాలలు పెట్టింది, చెరువులో రొయ్య పట్టకముందే నమూనా పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి వచ్చింది. ఎగుమతుల్లో ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ దేశంలో మొదటి స్థానంలోనే ఉంది. పరీక్ష ఆ వ్యాపారాన్ని చంపలేదు, నిలబెట్టింది. బాధాకరమైన విషయం, ఆ శ్రద్ధంతా బ్రస్సెల్స్‌లో తినే రొయ్య మీదే. రామ్‌నగర్ మార్కెట్‌కు ఐసు పెట్టెల్లో వచ్చే చేపకు, ఉప్పల్ సంతలో బుట్టలో పెట్టి అమ్మే చేపకు ఆ ప్రయోగశాల గుమ్మం తెలియదు. ఆహార భద్రతా సంస్థ, వేటాడి తినే జాతులు కాని చేపల్లో పాదరసం కిలోకు అర మిల్లీగ్రాము మించకూడదని పరిమితి రాసింది. ఆ పరిమితి ఉన్నది మన నోటి కోసమే గనుక, దాన్ని మన బజారులోనే పరీక్షించి, ఏ తీరపు ఏ చేప నిశ్చింతగా తినవచ్చో తెలుగులో చెప్పాలి. చాలా చేపలు ఆ పరీక్ష దాటుతాయి, దాటినట్టు అచ్చువేసి చెప్పడమే జాలరికి రక్షణ. ఒకటి రెండు చోట్ల తేడా ఉంటే ఆ చోటు పేరు చెప్పడం మిగతా తీరాన్ని నిందనుంచి కాపాడుతుంది.

ఇదంతా ఎవరు చేయాలన్నది చివరి చిక్కు. మూసీ తెలంగాణ మండలిది, విజయవాడ దిగువ కృష్ణ ఆంధ్ర మండలిది, తీరం చెన్నై కేంద్రానిది, చేప ఆహార శాఖది, రొయ్య ఎంపెడాది. 2014లో కృష్ణా నదీ యాజమాన్య బోర్డు పెట్టుకున్నాం, అక్కడ పంచాయితీ అంతా టీఎంసీల మీదే. ఎన్ని నీళ్ళు ఎవరికి అని పదేళ్ళకు పైగా వాదించుకుంటున్న రెండు రాష్ట్రాలు, ఆ నీళ్ళలో ఏముందని ఒకే బల్ల దగ్గర కూర్చున్న దాఖలా నాకు కనిపించలేదు. కొత్త సంస్థ అక్కర్లేదు. నాచారం చెరువు, ఉప్పల్ నల్లచెరువు, నాగోల్ వంతెన, మూసీ ప్రాజెక్టు, వాడపల్లి సంగమం, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, హంసలదీవి, ఈ ఎనిమిది చోట్లను గుర్తుపెట్టుకుంటే చాలు. ఏటా రెండు విడతలు, మే నెలలో వానలకు ముందు ఒకసారి, వరద తగ్గిన నవంబరులో ఒకసారి, బురదనూ అక్కడ బతికే ప్రాణినీ తీయాలి. ఎగువన జిలేబి చేప, నత్త, దిగువన మడ అడవిలో మండపీత, తీరం మీద ఆల్చిప్ప. గేట్లు ఎత్తిన వరద రోజున నీళ్ళూ పట్టాలి. లోహాలు ఎన్‌జీఆర్‌ఐ, మందులు ఐఐసీటీ, యాంటీబయాటిక్‌కు లొంగని సూక్ష్మజీవులు సీసీఎంబీ చూడగలవు. సముద్రపు సమాచారాన్ని రోజూ జనానికి అందించే అలవాటున్న ఇన్‌కాయిస్ ఆ అంకెలన్నీ ఒకే చోట పెట్టగలదు. అన్నిటికన్నా ముందు చేయవలసింది నాచారం చెరువు బురద. పక్కనున్న కార్ఖానాలు తరలిపోకముందే, పూడిక తీసే యంత్రాలు చెరువులో దిగకముందే, ఆ బురద పొరలను గొట్టంలో తీసి తేదీలు వేసి భద్రపరచాలి. పూడిక లారీలకెక్కి ఎక్కడో పొలంలోనో పునాదిలోనో పడ్డాక, ఏ ఏడాది ఎవరు ఏమి వదిలారన్నది చెప్పగల సాక్ష్యం మరొకటి మిగలదు.